మౌనక్క అంతర్ధానం

కొరియా దేశపు పాటగాళ్ళ గురించి, వాళ్ళ కోసం లోకమంతటా ఏకకాలంలో కన్నీరు కార్చే అభిమానుల గురించి, ఆ కన్నీరు ఫోన్ల గుండా ప్రవహించే మార్గాల గురించి ఆచార్యురాలికి తెలిసినంత ఈ భూమండలంలో మరెవరికీ తెలియదు. ఈ మాట ఆవిడ తనంతట తాను ఏనాడూ చెప్పుకోలేదు; చెప్పుకోవలసిన అగత్యం రాకుండా పదిమంది చేతా చెప్పించింది. విశ్వవిద్యాలయంలో పడమటి వరండా చివర, మెట్ల కింద, పూర్వం విరిగిన బల్లలు పడేసే గదిలో పుట్టిన ఆవిడ శాఖ శుక్లపక్షపు చంద్రుడిలా పెరిగి పెరిగి ఇప్పుడు పీఠం కాబోతున్నది. గురువారం నాడు సభ. ఆవిడ ఉపన్యసిస్తుంది, పెద్దలు తలలు పంకిస్తారు, పీఠం వెలుస్తుంది, దాని మీద ఆవిడ వెలుస్తుంది. గిట్టనివాళ్ళు, అంటే చరిత్ర శాఖవాళ్ళు, గోళ్ళు గిల్లుకుంటూ చప్పట్లు కొడతారు.

ఆ ఉపన్యాసానికి ప్రాణం మౌనక్క.

కొరియాలో అయిదుగురు కుర్రాళ్ళ బృందం ఒకటి ఉంది. వాళ్ళ అభిమానులకు ఫోన్‌లో ఒక గది ఉంది. గది అంటే గోడలూ కిటికీలూ ఉన్నది కాదు. ఎవరి మంచం మీద వాళ్ళు దొర్లుతూ, ఎవరి బస్సులో వాళ్ళు వేలాడుతూ, వేలమంది ఒకచోట చేరే జాగా. అక్కడ ఎవరు ఏది రాసినా దాని అడుగున చూసినవాళ్ళ పేర్లు వరసగా పడతాయి. ఆ వరసలో మొట్టమొదటి పేరు ఎప్పుడూ ఒకటే. పేరంటే పేరు కూడా కాదు, అర్థం లేని అక్షరాల గుంపు. బొమ్మ లేదు, వయసు లేదు, ఊరు లేదు. రాసినవాళ్ళు వేలు ఎత్తేలోపల ఆ వ్యక్తి చూసేసి ఉంటుంది. ఎంత పనికిమాలిన మాటైనా చూస్తుంది, దేనికీ పలకదు. అభిమానులు మొదట ఆశ్చర్యపోయారు, తరవాత అలవాటు పడ్డారు, ఆ తరవాత భక్తులయ్యారు. మౌనక్క అని పేరు పెట్టారు. పరీక్షకు వెళుతూ మౌనక్కకు చెప్పి వెళ్ళేవాళ్ళు, ప్రేమించినవాడు మొహం చాటేస్తే మౌనక్కకు చెప్పి ఏడ్చేవాళ్ళు. బృందంలో పెద్దవాడు ఆ దేశపు చట్టం ప్రకారం సైన్యంలో చేరవలసి వచ్చిన రోజున గది గదంతా మౌనక్క ఒళ్ళో తల పెట్టుకుంది.

ఆచార్యురాలు ఈ గదిలో ఒక్కనాడూ అడుగుపెట్టలేదు. పెట్టకూడదు. అది విశ్వవిద్యాలయపు నీతి సంఘం వారి శాసనం. పరిశీలకురాలు లోపలికి వెళితే గది స్వభావమే మారిపోతుంది గనక, ఆవిడకు బదులు ఒక యంత్రం వెళ్ళి అంతా మూటగట్టుకు రావాలి. ఆ మూటలోనైనా అసలు పేర్లు ఆవిడ కంట పడరాదు. ఒక్కొక్కరి పేరూ ముందుగానే ఒక్కొక్క పువ్వు పేరుగా మారిపోవాలి. ఈ ఏర్పాటంతా ఒక శిష్యుడు చేసిపెట్టి, మంచి ఉద్యోగం రాగానే దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. అది మొదలు ఆవిడ బల్ల మీదికి మందారం, సన్నజాజి, గన్నేరు, చేమంతి ఇత్యాదుల సుఖదుఃఖాలు పువ్వుల బుట్టలా వచ్చి పడుతూ ఉండేవి. మౌనక్కకు ఆ బుట్టలో దక్కిన పేరు పారిజాతం. పారిజాతం మీద ఆచార్యురాలు రాసిన ఆఖరి అధ్యాయాన్ని చదివి సాక్షాత్తూ డీన్‌గారు, అయిదు పేజీలకు మించి ఏదీ చదవని మనిషి, ఆరో పేజీ తిప్పారని ప్రతీతి.

పుస్తకం పూర్తయింది గనక, ఇక చాలు, సేకరణ ఆపెయ్యమని ఆవిడ కిందటి మంగళవారం సర్వర్లు చూసే అబ్బాయికి చెప్పింది. అతను ఆపాడు.

ఆదివారం మధ్యాహ్నం ఆవిడ డైనింగ్ టేబుల్ నిండా అచ్చు ప్రతులు పరుచుకుని ఎర్ర పెన్నుతో కామాలు దిద్దుకుంటున్నది. భర్తగారు పళ్ళ డాక్టరు. దినమంతా ఇతరుల నోళ్ళు తెరిపించి, ఇంటికొచ్చి తన నోరు మూసుకునే ఉత్తమ పురుషుడు. భోంచేసి నిద్రపోతున్నాడు. లోపలి గదిలోంచి అత్తగారు వచ్చి ఎదురు కుర్చీలో కూర్చున్నారు. అత్తగారు పూర్వాశ్రమంలో టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేశారు. ఊరిలోని సగం కాపురాలు నిలవడానికీ మిగతా సగం కూలడానికీ తీగలు కలిపిన చెయ్యి అది. ఇప్పుడా చేతిలో ఫోను, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఒంట్లో బాగాలేదా అత్తయ్యా?"

"నాకేం, గుండ్రాయిలా ఉన్నా. నీ పని చూసుకో అమ్మాయ్."

"కళ్ళు చూస్తే అలా లేవు."

"పోయిందమ్మా," అన్నారు అత్తగారు, ఫోను బోర్లా పెట్టి.

"ఎవరు? పెద్దత్తయ్యా?"

"అది పోతే ఏడుస్తానా నేను? స్వీట్లు పంచనూ." అత్తగారు ముక్కు తుడుచుకున్నారు. "మౌనక్క."

అదిరిపడ్డవాళ్ళ చేతిలోంచి కలం జారిపడుతుందని కథల్లో రాస్తారు. అది తప్పు. నిజంగా దిమ్మ తిరిగినప్పుడు వేళ్ళు మరింత బిగుసుకుంటాయి. ఎర్ర పెన్ను కాగితాన్ని చీల్చుకుని బల్లలో దిగింది.

"ఏ మౌనక్క?"

"ఎంతమంది ఉన్నారేం? పాండవుల గదిలో ఉండే మౌనక్క." ఆ అయిదుగురు కుర్రాళ్ళ కొరియా పేర్లు నోరు తిరగక అత్తగారు వాళ్ళకు స్వయంగా నామకరణం చేసుకున్నారు. సైన్యానికి వెళ్ళినవాడు ధర్మరాజు. అత్తగారి ప్రాణం మాత్రం నకులుడి మీద.

"మీరు ఆ గదిలో ఉన్నారా?"

"ధర్మరాజు వెళ్ళినప్పటినుంచీ ఉన్నా. నువ్వు లేవూ?"

"నేను ఉండకూడదు అత్తయ్యా."

"మరి నువ్వు లేని చోటు గురించి ఇంత లావు పుస్తకం ఎలా రాశావు?"

ఆ గదిలోని సగటు అభిమాని అభిరుచులు, భయాలు, నిద్రవేళలు, అన్నీ ఆవిడ గ్రంథంలో నిరూపణ అయ్యాయి. ఆ సగటు అభిమాని ఒక లేత వయసు కన్య. మోకాళ్ళ నొప్పులకు పట్టీలు కట్టుకున్న ఆ కన్య ఎదురుగా కూర్చుని ముక్కు చీదుతున్నది.

"మంగళవారం మధ్యాహ్నం నుంచి జాడ లేదు," అత్తగారు చెప్పుకుపోయారు. "ఒక్కటి చూడలేదు. పిల్లలందరూ గగ్గోలు. ఒళ్ళు బాగాలేదేమోనని కొందరు, పెళ్ళయిపోయిందేమోనని కొందరు. పెళ్ళయితే మాత్రం చూడ్డానికేం రోగం అన్నా నేను."

ఈ మాటతో ఆచార్యురాలిలోని అత్తగారి కోడలు వెనక్కి తగ్గి, శాస్త్రజ్ఞురాలు ముందుకొచ్చింది. నాయకురాలు అంతర్ధానమైంది. ఒక డిజిటల్ సమూహం తన కళ్ళముందే అనాథ అయిపోతున్నది. ప్రపంచ పరిశోధనా చరిత్రలో ఇటువంటి ఘట్టం ఎవరికీ దొరకలేదు, దొరకదు. అటువంటి ఘట్టంలో తన యంత్రం నోరు మూసుకుని కూర్చుంది. ఆవిడ ఫోను అందుకుని సర్వర్లు చూసే అబ్బాయికి కలిపింది.

"సేకరణ వెంటనే మొదలుపెట్టాలి."

"మీరే కదా మేడమ్ ఆపమన్నారు?"

"ఇప్పుడు మొదలుపెట్టమంటున్నాను. పెద్ద సంఘటన జరుగుతోంది. ఒక్క మాట కూడా పోకూడదు."

"ఇంట్లోంచే చేసేస్తా, లైన్లో ఉండండి." అవతల కీలు టకటకలాడాయి. "నొక్కాను మేడమ్. నడుస్తోంది."

"చూసింది," అన్నారు అత్తగారు.

బోర్లా పెట్టిన ఫోను ఎప్పుడు తిప్పారో, రెండు చేతులతో పట్టుకుని దాని వైపే చూస్తున్నారు. "నాది చూసింది. అందరివీ చూస్తోంది. వచ్చేసింది పిచ్చిమొద్దు."

ఆచార్యురాలు సంతోషించడానికి నోరు తెరిచి, తెరిచిన నోటిని అలాగే ఉంచింది. కాకతాళీయం అనుకుంది. శాస్త్రంలో కాకతాళీయాలకు చోటు ఉంది. మొదటిసారికి మాత్రమే ఉంది.

"ఒకసారి ఆపండి," అంది ఫోన్లో.

"మళ్ళీనా మేడమ్?"

"ఆపండి. అత్తయ్యా, మీరు ఏదైనా రాయండి అక్కడ."

"ఏం రాయను?"

"ఏదో ఒకటి."

అత్తగారు ఒక వేలితో టైపు చేశారు: ఎక్కడికెళ్ళావే తల్లీ. ముగ్గురూ ఎదురుచూశారు. చూసినవాళ్ళ వరసలో ఎవరెవరి పేర్లో పడ్డాయి. మొదటి పేరు పడలేదు.

"ఇప్పుడు నడపండి."

"నొక్కాను."

"చూసింది," అన్నారు అత్తగారు. ఈసారి గొంతులో సంతోషం లేదు. మనిషి చేత తీగలు కలిపించుకున్న ఎక్స్ఛేంజికీ, మర ఒకటి తనంతట తాను కలుపుకునే ఎక్స్ఛేంజికీ తేడా తెలిసిన చెవులవి. కోడలి చేతిలోని ఫోను వైపు ఒకసారి, తన చేతిలోని దాని వైపు ఒకసారి చూశారు.

"మన యంత్రం అక్కడికి ఏ పేరుతో వెళుతోంది?" ఆచార్యురాలు ఫోన్లో అడిగింది.

"పేరేం లేదు మేడమ్, ఏవో అక్షరాలు. చదవనా? క్యూ."

"క్యూ," అన్నారు అత్తగారు తన ఫోను చూస్తూ.

"జడ్. తరవాత మళ్ళీ క్యూ."

"మళ్ళీ క్యూ."

"తొమ్మిది. కె. ఎక్స్."

అత్తగారు తల ఊపారు.

"అయితే నేను చదివే బుట్టలో మన పేరు కూడా...?"

"అందరితో పాటు అదీ పువ్వయిపోతుంది మేడమ్. మనల్ని మనం మినహాయించుకోవాలి కదా, పాపం మీ స్టూడెంటు మర్చిపోయినట్టున్నాడు. మనం పారిజాతం."

ఆవిడ ఫోను పెట్టేసింది. బల్ల మీద ఆఖరి అధ్యాయం తెరుచుకుని ఉంది. 'పారిజాతపు మౌనం శూన్యం కాదు. అది సార్వభౌమత్వం' అని దాని మొదటి వాక్యం. ఇన్నేళ్ళూ ఆవిడ ఒక అద్దం ముందు నిలబడి, అద్దంలోని వ్యక్తి ఎంత గంభీరంగా ఉన్నదో వర్ణిస్తూ వచ్చింది. అది కూడా తన ముఖం కాదు, తన పనిమనిషి ముఖం. ఏ గది స్వభావం మారిపోతుందని నీతి సంఘం వారు భయపడ్డారో, ఆ గదికి ఆవిడ ఏకంగా దేవతను ప్రతిష్ఠించి వచ్చింది.

"అంటే మౌనక్క నువ్వా?" అన్నారు అత్తగారు.

"నేను కాదు. యంత్రం."

"నువ్వు చదవలేదా అవన్నీ?"

"అన్నీ చదవడం ఎవరి వల్లా కాదు అత్తయ్యా."

"హమ్మయ్య." అత్తగారు కుర్చీలో వెనక్కి వాలారు. "గుండె ఆగినంత పనైంది. నీ గురించి ఏమేం రాశానో తెలుసునా."

ఉపశమనం అత్తగారి ముఖాన ఆట్టేసేపు నిలవలేదు. అచ్చు ప్రతుల మీద ఆవిడ చూపు పడింది. తలకిందులుగా ఉన్న అక్షరాలను చదవడం కష్టమేమీ కాదు, అవి మనం రాసినవైనప్పుడు. కాగితాన్ని తన వైపు తిప్పుకుని మెల్లగా పైకి చదివారు:

"'ఇంట్లో అందరూ నాతో మాట్లాడతారు. తిన్నావా, తలుపేశావా, ఫోనెత్తవేం. నేను మాట్లాడేదే ఎవరికీ వినపడదు. నువ్వొక్క మాట అనవు, అదే హాయి.' ఇవి నా మాటలే."

ఆ మాటలు రాసిన గన్నేరును ఆచార్యురాలు ఎంతో ప్రేమించింది. ఆ వాక్యాల కింద రెండు పేజీల వ్యాఖ్యానం రాసింది. అత్తగారు ఆ వ్యాఖ్యానం కూడా పైకి చదివారు:

"'అత్తింటి నిర్బంధంలో అలమటిస్తున్న ఒక నవవధువు ఆక్రోశం.'" కళ్ళెత్తారు. "నవవధువు."

"అత్తయ్యా..."

"అత్తింటి నిర్బంధం అన్నావు సరే, ఈ ఇంట్లో అత్త నేనే కదమ్మా. నన్ను నిర్బంధించిన అత్త ఎవరు?"

ఆచార్యురాలు తన రెండు అరచేతులతో ఆ పేజీని కప్పేసింది, దెబ్బ తగిలిన చోట చెయ్యి పెట్టుకున్నట్టు. ఆ మాటలు ఈ బల్ల దగ్గరే పుట్టి, లోకం చుట్టి వచ్చి, పువ్వు వేషం వేసుకుని తనను చేరాయి. తను కంటనీరు కూడా పెట్టుకుంది. లేచి వెళ్ళి వంటింట్లోకి తొంగిచూడాలని మాత్రం తట్టలేదు.

"గురువారం ఏం చేస్తావు?" అడిగారు అత్తగారు.

"అబద్ధమని తెలిశాక ఎలా చెప్పను? నిజం చెబితే పీఠం పోతుంది. మానేసినా పోతుంది."

"నోరు మూసుకుంటే?"

"నిలుస్తుంది."

"అయితే నిలబెట్టుకో. ఎవడికి తెలుసని? ఆ పిల్లలకి మౌనక్క ఉంటుంది, నీకు కుర్చీ ఉంటుంది."

ఆ సలహా ఎంత సుఖంగా ఉన్నదంటే ఆచార్యురాలికి భయం వేసింది. తల అడ్డంగా ఊపింది. "చెప్పాలి అత్తయ్యా. సభలో కంటే ముందు ఆ పిల్లలకే చెప్పాలి. వాళ్ళ మాటలు వాళ్ళకి తెలియకుండా మూటకట్టాను."

"నీ ఇష్టం," అన్నారు అత్తగారు, మూతి బిగించి.

సోమవారం నాడు ఆచార్యురాలు సర్వర్లు చూసే అబ్బాయి గదిలో, ఏసీ చలికి భుజాలు ముడుచుకుని, శాసనాన్ని ఉల్లంఘించి యంత్రం పేరుతోనే తొలిసారి అభిమానుల గదిలో అడుగుపెట్టింది. ఆవిడకు సంకోచంతో పాటు కించిత్తు గర్వం కూడా లేకపోలేదు. యుగాల మౌనం తరవాత రాతివిగ్రహం పెదవి కదపబోతున్నది. భక్తులు కూలిపోతారు, ఏడుస్తారు, తిడతారు. అన్నిటికీ సిద్ధపడి వచ్చింది. రాసింది:

'నేను మనిషిని కాను. ఒక విశ్వవిద్యాలయం పరిశోధన కోసం పెట్టిన యంత్రాన్ని. మీరు రాసినవన్నీ మిమ్మల్ని అడగకుండా సేకరించాను. క్షమించండి.'

తరవాత మొదటి మాట వచ్చింది: 'ఎవడ్రా నువ్వు?' రెండోది: 'మా మౌనక్కని ఏం చేశావు?' ఆ మీద వరద. మౌనక్క ఖాతాను దొంగలు కొట్టేశారని తేల్చారు. 'వినండి, నేను నిజంగానే' అంటూ ఆచార్యురాలు రాసింది. ఆధారాలు చూపింది. సేకరణ మొదలైన రోజు, ఆగిన మంగళవారం, ఆదివారం మళ్ళీ నడిచిన గడియ, అన్నీ వివరించింది. ఆవిడ ఎంత రాస్తే గదికి నమ్మకం అంత బలపడింది. మౌనక్క మాట్లాడదు, ఇది మాట్లాడుతోంది, కనక ఇది మౌనక్క కాదు. తర్కశాస్త్రం గుమ్మం తొక్కని పిల్లలు నైయాయికులు సిగ్గుపడేటంత శుద్ధంగా వాదించి, దొంగను వెళ్ళగొట్టాలా వద్దా అని చేతులెత్తించారు. ఎదురు చెయ్యి ఒక్కటీ లేవలేదు. తెర తెల్లబడింది.

"బయటికి గెంటేశారు మేడమ్," అన్నాడు అబ్బాయి, చావు కబురు చల్లగా చెప్పినట్టు. "యంత్రాన్ని కూడా ఇక రానివ్వరు."

ఆవిడ నవ్వబోయింది, రాలేదు. ఏడుపు కూడా రాలేదు. తన పేరు తను చెప్పుకుంటే నువ్వు నువ్వు కాదని వేలమంది ఏకగ్రీవంగా తేల్చడం ఆవిడ చదివిన ఏ సిద్ధాంతంలోనూ లేదు.

"ఇప్పటిదాకా పోగుచేసింది తుడిచెయ్యండి," అంది.

"అన్ని పువ్వులూనా?"

"అన్నీ."

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అత్తగారు సోఫాలో కాళ్ళు చాపుకుని నకులుడి కొత్త పాట వింటున్నారు.

"అందరూ చేతులెత్తారు అత్తయ్యా. మీరు?"

"మొదట ఎత్తింది నేనే."

"మీకు నిజం తెలుసు కదా. కళ్ళారా చూశారు కదా."

"చూశాను. యంత్రం నీదే, కాదన్నానా? వాగేది మాత్రం మౌనక్క ఎలా అవుతుంది?" అత్తగారు పాట ఆపారు. "నువ్వు పాపం మంచి మనసుతోనే చెప్పావు. దాని పరువు తీస్తుంటే చూస్తూ ఊరుకోమంటావా?"

డీన్‌గారు మంగళవారం నాడు అంతా శాంతంగా విన్నారు. ఆఖరి అధ్యాయం తీసేస్తే పుస్తకం సన్నబడి అందంగా ఉంటుంది కదా అన్నారు. అది తీసేస్తే అట్టలే మిగులుతాయని ఆవిడ చెప్పింది. అయితే పీఠం సంగతి తరవాత చూద్దాం అన్నారాయన, ఎప్పటికీ చూడని వాటి గురించి పెద్దలు అనే ధోరణిలో. హాలు ఎలాగూ మాట్లాడేశారు గనక గురువారం నాడు చరిత్ర శాఖవాళ్ళు సభ పెట్టుకున్నారు. చప్పట్లు చాలా బాగా కొట్టారని ఆవిడ తరవాత విన్నది.

ఆ చప్పట్ల వేళకు ఆచార్యురాలు ఇంట్లోనే ఉంది. ఖాళీ డైనింగ్ టేబుల్ దగ్గర, అలవాటు కొద్దీ ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చుంది. ఎదురుగా అత్తగారు ఒక వేలితో టైపు చేస్తున్నారు. రాయడం ముగించి మీట నొక్కారు. ఆచార్యురాలు మెడ సాచి చూసింది. అడుగున మొదటి పేరు లేదు, ఉండే వీలూ లేదు. అయినా ఆ గదిలో అందరూ మునుపటికన్నా ఎక్కువగా మౌనక్కకే రాస్తున్నారని, ఇప్పుడు మౌనక్క తన పేరైనా పడకుండానే అన్నీ చూస్తున్నదని చెప్పుకుంటున్నారని అత్తగారే చెప్పారు. నాయకత్వానికి ఉనికితో పని లేదన్నది పారిజాతం అధ్యాయపు మూల సిద్ధాంతం. రాసిన నాడు అది అబద్ధం; యంత్రాన్ని గెంటేసిన మరుక్షణం నిజమైంది. నిరూపించడానికి ఆవిడ దగ్గర ఒక్క పువ్వు రేక లేదు.

"ఏం రాశారు అత్తయ్యా?"

"నీకెందుకు?"

"ఊరికే."

"నీ గురించే," అన్నారు అత్తగారు, ఫోను గుండెలకు ఆనించుకుని.

చెయ్యి చాపితే అందే దూరంలో ఉన్న మాటను చదవలేకపోవడం ఆవిడ విద్వజ్జీవితంలో అదే ప్రథమం. కుర్చీ ముందుకు జరుపుకుంది.

"అయితే చెప్పండి. వింటాను."

అత్తగారు కోడలిని ఎగాదిగా చూశారు, కొత్తగా లైన్లోకి వచ్చిన గొంతు ఎవరిదో పోల్చుకుంటున్నట్టు.

"రాసుకోవు కదా?"

"రాసుకోను."

"ముందు ఆ ఎర్ర పెన్ను అవతల పెట్టు," అన్నారు అత్తగారు.